చదువు సాయం: ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఆపకూడదు



ప్రతి ఏటా వార్షిక సమావేశంలో దాతల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మేమిచ్చిన డబ్బుతో కాలేజీకి వెళ్లే పిల్లలు సరిగా చదువుతున్నారా? ఫెయిలైన వాళ్లకు కూడా ఇస్తూనే పోతున్నారా?" ఇది న్యాయమైన ప్రశ్న. దాత ఇచ్చిన ప్రతి రూపాయీ మన చేతుల్లో అమానత్. లెక్క చెప్పాల్సిన బాధ్యత మనదే.

అయితే ఈ ప్రశ్నకు "ఫెయిలైతే ఆపేస్తాం" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పడం సులువే గాని, సరైనది కాదు. స్కాలర్‌షిప్ కమిటీలో కొన్నేళ్లుగా పనిచేస్తున్న ఉపాధ్యాయులుగా మేము నేర్చుకున్నది అదే. సాయం నిలుపుకోవడానికి విద్యార్థి ఏం సాధించాలి, ఆ కొలత ఎలా పెట్టాలి, తప్పినప్పుడు ఏం చేయాలి అన్న మూడు విషయాలు ఈ వ్యాసంలో వివరిస్తాం.

ముందు మా పొరపాటు

పాఠం చెప్పేవాడు ముందు తన తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయికి మన సాయం అందేది. ఆమె ఫీజు ప్రభుత్వం నుంచి వచ్చేది. హాస్టల్, పరీక్ష ఫీజు మనం చూసుకునేవాళ్లం. తండ్రి ఆటో నడిపేవారు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

రెండో సెమిస్టర్‌లో గణితం, ఫిజిక్స్ తప్పింది. అప్పటి మన నియమం ఒకే వాక్యం: "ఏ సబ్జెక్టు తప్పినా మరుసటి ఏడాది సాయం ఉండదు." జూలైలో కమిటీ కూర్చుంది. మార్కుల మెమో చూశాం, తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం. ఆ సంతకాల్లో మాదీ ఒకటి.

ఏడాది తర్వాత బజారులో ఒక బట్టల దుకాణంలో ఆ అమ్మాయి బిల్లులు రాస్తూ కనిపించింది. మమ్మల్ని చూసి లేచి నిలబడి సలాం చెప్పింది. చదువు గురించి అడిగితే అప్పుడు తెలిసింది: ఆ సెమిస్టర్‌లో తండ్రి ఆటో బోల్తా పడి కాలు విరిగిందట. తమ్ముడు చిన్నవాడు కావడంతో నెలకు పైగా ఆసుపత్రిలో తానే ఉందట. హాజరు తగ్గితే కాలేజీ వాళ్లు రుసుం కట్టించుకుని పరీక్షకు అనుమతించారట. తప్పిన రెండు సబ్జెక్టులూ సప్లిమెంటరీలో పాసైంది. ఆ ఫలితాలు వచ్చింది ఆగస్టులో. మనం తీర్మానం రాసింది జూలైలో.

"మాతో ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మా?" అని అడిగాం. "ఫెయిలైతే ఇవ్వరని ఫారంలోనే రాశారు కదా సార్, ఇంక ఏమని అడగను?" అంది. మన దరఖాస్తు ఫారంలో మార్కులకు గడి ఉంది. కారణానికి గడి లేదు.

ఆ అమ్మాయికి ఏడాదంతా కట్టిన హాస్టల్ డబ్బు ఏమైంది? వృథా అయింది. ఇచ్చినందువల్ల వృథా కాలేదు. తొందరపడి ఆపినందువల్ల అయింది. ఈ తేడా దాతలు గమనించాలని కోరుతున్నాం.

ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లలో కొలతలు

నియమం అసలు వద్దని మేము అనడం లేదు. ఏ స్కాలర్‌షిప్‌కైనా కొనసాగింపు షరతులు ఉంటాయి. మన పిల్లలు తరచుగా దరఖాస్తు చేసుకునే వాటిలో కొన్ని చూద్దాం.

కేంద్ర విద్యాశాఖ డిగ్రీ విద్యార్థులకిచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌ను ఇప్పుడు పీఎం-యూఎస్‌పీ అంటున్నారు. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సంటైల్ పైన నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల రూపాయలు దాటని వారు దీనికి అర్హులు. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో ఏడాదికి 20,000 రూపాయలు ఇస్తారు. ఏటా 82,000 మందికి కొత్తగా మంజూరు చేస్తారు. రెన్యువల్ కావాలంటే రెండు షరతులు: వార్షిక పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు.

సాంకేతిక విద్యలో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. ఇక్కడ షరతు వేరు: విద్యార్థిని పై ఏడాదికి ప్రమోట్ కావాలి. కాలేజీ ప్రిన్సిపల్ ధ్రువపత్రం, మార్కుల పత్రం జతచేసి రెన్యువల్ చేసుకోవాలి. ప్రమోట్ కాకపోతే సాయం ఆగిపోతుంది.

మైనారిటీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ముందటి పరీక్షలో 50 శాతం మార్కులన్న షరతు ఉండేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు ముఖ్యం.

ఇప్పుడు ఈ మూడు మాటలను విడదీసి చూడండి: మార్కులు, హాజరు, ప్రమోషన్. తల్లిదండ్రులు, ఒక్కోసారి మన కమిటీ సభ్యులు కూడా ఈ మూడింటినీ ఒకటిగా కలిపేస్తుంటారు. "పాసయ్యాడా, ఫెయిలయ్యాడా?" అన్నదొక్కటే అడుగుతారు. సెమిస్టర్ పద్ధతిలో విద్యార్థి ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా, కావలసినన్ని క్రెడిట్లు ఉంటే పై ఏడాదికి ప్రమోట్ అవుతాడు. ఒక స్కాలర్‌షిప్‌కు అది చాలు. మరొకదానికి చాలదు.

హాజరు దగ్గరా ఇదే చిక్కు. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం కంటే తగ్గినా, 65 శాతానికి తగ్గకుండా ఉండి సరైన కారణం చూపితే కాలేజీ మన్నించి పరీక్ష రాయనివ్వవచ్చు. కాలేజీ మన్నించింది కదా అని స్కాలర్‌షిప్ కూడా వస్తుందని అనుకోకూడదు. పరీక్ష నియమం వేరు, స్కాలర్‌షిప్ నియమం వేరు. ఈ ఒక్క మాట మొదటి ఏడాది మొదటి నెలలోనే పిల్లలకు చెప్పాలి.

మార్కుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. కాలేజీ ఇచ్చేది సీజీపీఏ. దాన్ని పదితో గుణిస్తే శాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 5.5 వచ్చిన విద్యార్థికి సరిగ్గా 50 శాతం. 5.3 వచ్చిన విద్యార్థి 53 శాతం అనుకుని ధీమాగా ఉంటాడు. లెక్క ప్రకారం అది 48 శాతమే. 50 శాతం షరతు ఉన్న చోట అతను అనర్హుడు. విశ్వవిద్యాలయాన్ని బట్టి సూత్రం మారుతుంది కాబట్టి ఆ కాలేజీ సూత్రమే వాడాలి.

అమెరికాలో ఎలా కొలుస్తారు

మన దాతల్లో కొందరి పిల్లలు, మనవలు అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సాయం దొరుకుతుంది. ఇక్కడి నుంచి స్టూడెంట్ వీసాపై వెళ్లేవారికి అది వర్తించదు. ఆ సాయం నిలుపుకోవడానికి అక్కడ పెట్టిన పద్ధతి మనలాంటి సంస్థలకు చదవదగిన పాఠం.

అక్కడ మూడు కొలతలు ఉంటాయి. మొదటిది మార్కుల సగటు: నాలుగేళ్ల కోర్సులో రెండో ఏడాది ముగిసేసరికి సి గ్రేడు సగటు, అంటే 4కి 2.0 గాని, ఆ కాలేజీ పట్టా ఇవ్వడానికి పెట్టిన స్థాయికి తగిన సగటు గాని ఉండాలి. రెండోది వేగం: తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని పూర్తి చేశాడు? మూడోది గడువు: కోర్సుకు కావలసిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్లు దాటకుండా చదువు ముగించాలి. పట్టాకు 120 క్రెడిట్లు కావాలంటే, 180 క్రెడిట్లు తీసుకునే లోపు పూర్తి కావాలి. 180లో 120 అంటే మూడింట రెండు వంతులు. అందుకే చాలా కాలేజీలు వేగాన్ని 67 శాతంగా పెడతాయి.

బోర్డు మీద వేసినట్టు ఒక లెక్క చేద్దాం. ఒక విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకుని 9 పూర్తి చేశాడు. వేగం 60 శాతం. 67 కంటే తక్కువ. మన పాత నియమమైతే అక్కడితో కథ ముగిసేది. రెండో సెమిస్టర్‌లో మళ్లీ 15 తీసుకుని 15 పూర్తి చేశాడు. ఇప్పుడు మొత్తం 30కి 24. వేగం 80 శాతం. అదే విద్యార్థి, అదే బుర్ర. మధ్యలో ఒక్క సెమిస్టర్ అవకాశం దొరికింది, అంతే.

ఆ అవకాశానికి అక్కడ పేరుంది: హెచ్చరిక. సెమిస్టర్ సెమిస్టర్‌కూ ప్రగతి చూసే కాలేజీల్లో, కొలత తప్పిన విద్యార్థికి హెచ్చరిక ఇచ్చి ఒక సెమిస్టర్ సాయం కొనసాగించవచ్చు. అప్పటికీ అందుకోకపోతే సాయం ఆగుతుంది. ఆగిన తర్వాత కూడా, కాలేజీ అనుమతించిన చోట, విద్యార్థి అప్పీలు చేసుకోవచ్చు. దగ్గరి బంధువు మరణం, తన అనారోగ్యం, గాయం, ఇతర ప్రత్యేక పరిస్థితులు కారణాలుగా చూపవచ్చు. అప్పీలులో రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఎందుకు తప్పావు? ఇప్పుడు ఏం మారింది?

ఈ రెండు ప్రశ్నలే మొత్తం పద్ధతికి ప్రాణమని మా అభిప్రాయం. మొదటిది విద్యార్థి కష్టాన్ని వింటుంది. రెండోది అతని బాధ్యతను గుర్తుచేస్తుంది. కష్టం మాత్రమే విని ఊరుకుంటే అది జాలి. బాధ్యత మాత్రమే అడిగితే అది కాఠిన్యం. రెండూ అడిగితేనే చదువు ముందుకు సాగుతుంది.

మన దేశంలోనూ ఉన్న వెసులుబాటు

ఇది విదేశీ ఆలోచన అనుకోనవసరం లేదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం చాలా ఏళ్లు అమలు చేసిన నిబంధనలు చూడండి. వైద్యం, ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో విద్యార్థి మొదటిసారి తప్పితే స్కాలర్‌షిప్ రెన్యువల్ చేయవచ్చు అని ఉంది. రెండోసారి తప్పితే, పై తరగతికి వెళ్లేదాకా ఖర్చు తానే భరించాలి. జబ్బు వల్లగాని, ఊహించని మరో కారణం వల్లగాని పరీక్ష రాయలేకపోతే తగిన ఆధారం చూపి, "రాసి ఉంటే పాసయ్యేవాడే" అని కాలేజీ పెద్ద ధ్రువీకరిస్తే కొనసాగించవచ్చు. ఇంట్లో ముందు ఎవరూ చదవని పిల్లవాడు మొదటి ఏడాది తడబడటం సహజమని ఆ నిబంధన రాసినవారికి తెలుసు.

తరగతి గదిలో మేము చూసేదీ అదే. పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో చదివిన పిల్లవాడు ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల మధ్య కూర్చుంటాడు. సందేహం అడగడానికి నోరు రాదు. ఇంట్లో అడిగేవారు లేరు, చెప్పేవారు లేరు. ఆ సెమిస్టర్ మార్కులు అతని తెలివిని చూపవు. అతను ఎక్కిన మెట్టు ఎంత ఎత్తో చూపుతాయి. రెండో ఏడాదికి కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

కమిటీ ముందు పెట్టిన నియమం

ఆ అమ్మాయి విషయం తెలిశాక మేము కమిటీలో చర్చించి, పాత ఒక్క వాక్యం స్థానంలో నాలుగు మెట్లు పెట్టుకున్నాం.

ఒకటి, షరతు ముందే చెప్పడం. సాయం మొదలయ్యే రోజే తెలుగు, ఉర్దూ రెండింటిలో రాసిన కాగితం తల్లిదండ్రుల ముందు చదివి వినిపిస్తాం. హాజరు 75 శాతం ఉండాలి, సగటు 50 శాతం తగ్గకూడదు, కోర్సు గడువుకు మించి ఒక్క ఏడాది కన్నా ఎక్కువ పట్టకూడదు.

రెండు, ఏడాదికోసారి కాకుండా ప్రతి సెమిస్టర్ చివర మెమో చూడటం. సప్లిమెంటరీ ఫలితాలు రాకముందు ఎవరి సాయమూ ఆపం.

మూడు, మొదటిసారి తప్పితే హెచ్చరిక. సాయం ఆగదు. కాని విద్యార్థి కమిటీ ముందుకు వచ్చి ఆ రెండు ప్రశ్నలకు తన చేత్తో జవాబు రాయాలి. తప్పిన సబ్జెక్టు ఎవరి దగ్గర నేర్చుకుంటాడో కూడా రాయాలి. సప్లిమెంటరీ ఫీజు మనం కడతాం.

నాలుగు, మరుసటి సెమిస్టర్‌లోనూ మార్పు లేకపోతే సాయం ఆపడం. ఆపినట్టు రాతపూర్వకంగా తెలియజేస్తాం. తిరిగి అందుకున్న రోజు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని అదే కాగితంలో రాస్తాం.

ఇది మెతక నియమమని కొందరు అన్నారు. ఈ పద్ధతి మొదలుపెట్టాక హెచ్చరిక అందుకున్న ఒక అబ్బాయి, రాత్రిపూట ఫంక్షన్ హాలులో పని మానేసి, తప్పిన సబ్జెక్టు సీనియర్ దగ్గర చెప్పించుకుని పాసయ్యాడు. మరో అబ్బాయి హెచ్చరిక తర్వాత కూడా కాలేజీకే వెళ్లలేదు. పిలిస్తే రాలేదు. అతని సాయం ఆపాం, బాధపడుతూనే ఆపాం. నియమం ఉన్నది రెండింటికీ. మొదటి అబ్బాయిని, రెండో అబ్బాయిని వేరు చేసి చూడటానికే ఆ ఒక్క సెమిస్టర్.

జకాత్ సొమ్ము విషయంలో ఒక మాట. అది అవసరంలో ఉన్నవారి హక్కు. దాన్ని మార్కులకు ముడిపెట్టవచ్చా అన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం, ఉపాధ్యాయులు తేల్చేది కాదు. అందుకే ఆ నిధిని, విద్యా విరాళాలను వేర్వేరు ఖాతాల్లో ఉంచాలని, ఈ నాలుగు మెట్లు విద్యా విరాళాలకే వర్తించాలని కమిటీని కోరాం.

దాతలు చేయగలిగింది

విరాళంతో పాటు దాతలు చేయగల పనులు మరికొన్ని ఉన్నాయి.

మీ వీధిలో, మీ మస్జిద్ పరిసరాల్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే "మార్కులెన్ని?" అని మాత్రమే అడగకండి. "హాజరు ఎంత? బ్యాక్‌లాగ్ ఉందా? సప్లిమెంటరీ ఫీజు కట్టావా?" అని అడగండి. ఫీజు గడువు దాటిపోయి పరీక్ష రాయలేకపోయిన పిల్లలున్నారు.

రెన్యువల్ దానంతట అదే జరగదని తల్లిదండ్రులకు చెప్పండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ మళ్లీ దరఖాస్తు చేయాలి, కాలేజీ దాన్ని ధ్రువీకరించాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. మంచి మార్కులు వచ్చి కూడా తేదీ దాటిపోవడం వల్ల సాయం పోగొట్టుకునే పిల్లలను మేము ఏటా చూస్తున్నాం.

మీలో ఇంజినీర్లు, అధ్యాపకులు, లెక్కలు బాగా వచ్చిన వ్యాపారులు ఉన్నారు. హెచ్చరిక అందుకున్న ఒక విద్యార్థికి వారానికి రెండు గంటలు కేటాయించగలిగితే, అది చెక్కు మీద సంతకంతో సమానమైన సాయం.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమెను మళ్లీ ఇంజినీరింగ్‌లో చేర్చాలని ప్రయత్నించాం. ఇంటి పరిస్థితులు ఒప్పుకోలేదు. ఇప్పుడు దుకాణంలో పని చేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. పరీక్ష ఫీజు మన సొసైటీ కడుతోంది. పోయిన రెండేళ్లను మేము తిరిగి ఇవ్వలేం. ఆ తప్పు మరో బిడ్డ విషయంలో జరగకుండా చూడగలం.

ఇప్పుడు మన దరఖాస్తు ఫారంలో మార్కుల గడి పక్కన కారణానికీ ఒక గడి ఉంది. ఈసారి మీరు ఆ ఫారం చూసినప్పుడు ముందు ఆ గడి చదవండి. దాతల దానాన్ని, పిల్లల శ్రమను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.